ఆరు ప్యానెళ్ల డ్రగ్ టెస్ట్ కిట్: గంజాయికి సరే, కొత్త మత్తులకు చాలదు

ఇంట్లో కుర్రాడి మీద అనుమానమొచ్చి రాజమండ్రిలోనో భీమవరంలోనో ఆరు రకాల మత్తులకు ఒక్కో స్ట్రిప్ ఉండే మూత్ర పరీక్ష కిట్ కొనేవాళ్లు ముందు ఒకటి తెలుసుకోవాలి. ఇందులో గీత పడితే నెగటివ్, పడకపోతే పాజిటివ్. ప్రెగ్నెన్సీ కిట్‌కి పూర్తిగా ఉల్టా. టి (టెస్ట్) దగ్గర కనిపించీ కనిపించని లేత గులాబీ గీత ఉన్నా నెగటివ్ కిందే లెక్క. సి (కంట్రోల్) దగ్గర గీతే రాకపోతే ఆ కిట్ చెడిపోయినట్టు, ఇంకోటి తీయాలి.

శాంపిల్ పట్టిన నాలుగు నిమిషాల్లోపు వేడి 32–38 డిగ్రీలుండాలి. చల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టు అనుమానించాలి. ఒక్కో గుంటలో మూడు చుక్కలు వేసి ఐదో నిమిషంలో చూడాలి. పది నిమిషాలు దాటాక కనిపించింది చెల్లదు. కిట్‌ను 30 డిగ్రీలు దాటనివ్వకూడదు. రోహిణి కార్తె ఎండల్లో ఏసీ లేని షాపు అరలో ఉన్న సరుకు కొనకండి. మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పౌచ్ చింపగానే వాడేయాలి.

గంజాయిని బాగానే పట్టుకుంటుంది: ఎప్పుడో ఒకసారి తాగితే రెండు మూడు రోజుల దాకా, రోజూ తాగేవాడికైతే వారాల తరబడి.

అసలు లోపం సింథటిక్ మత్తుల దగ్గరుంది. మెఫెడ్రోన్ అనే ఉత్తేజక మత్తును మామూలు యాంఫెటమిన్ స్ట్రిప్ నమ్మకంగా పట్టదు. గంజాయికి బదులు వాడే సింథటిక్ రసాయనాలు టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) స్ట్రిప్‌కు అందవు. ట్రమడాల్ అనే నొప్పి మందుకు మార్ఫిన్ స్ట్రిప్ సరిపోదు, టీఆర్ఏ అని వేరేగా ఉండాలి. స్ట్రిప్ మీది యాంటీబాడీ తనకు తెలిసిన అణువునే గుర్తిస్తుంది మరి.

మన చట్టానిదీ ఇదే ఇబ్బంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నియంత్రణ) చట్టం పదార్థాలను ఎక్కువగా పేరు పేరునా పట్టికలో చేరుస్తుంది. మెఫెడ్రోన్ చేరింది 2015లో, ట్రమడాల్ 2018లో. అణువు కాస్త మారిస్తే మళ్లీ కొత్త నోటిఫికేషన్ కోసం చూడాలి. చైనా 2019లో ఫెంటానిల్ (చాలా తీవ్రమైన సింథటిక్ నొప్పి మందు) తరహా పదార్థాలన్నింటినీ ఒక్కసారే నియంత్రణలోకి తెచ్చింది. ఇక్కడా ఆ పద్ధతి రావాలి. కిట్ ఏ మత్తులను పట్టదో పెట్టె మీద తెలుగులో ముద్రించాలన్న నిబంధన కూడా పెట్టాలి. ఆ ఒక్క ముక్క లేకనే నెగటివ్ చూసి తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండిపోతున్నారు.

పాజిటివ్ వచ్చినా వెంటనే పిల్లాణ్ణి నిలదీయొద్దు. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ యాంఫెటమిన్ గీతను చెరిపేయగలదు. కోడీన్ దగ్గు మందు మార్ఫిన్ గీతను పోగొడుతుంది. ముందు వాడుతున్న మందులు అడిగి రాసుకుని, ల్యాబులో అణువును కచ్చితంగా గుర్తించే జీసీ-ఎంఎస్ లేదా ఎల్‌సీ-ఎంఎస్ పరీక్షతో ఖాయం చేసుకోవాలి.

కొనేటప్పుడు టీఆర్ఏ ఉన్న ప్యానెల్ అడగండి, గడువు తేదీ పౌచ్ మీద చూడండి. మాన్పించే సలహాకు 14446, అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి మత్తుపదార్థాలను అరికట్టే రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972.