పద్మిని స్టీరింగు, పదకొండేళ్ళ తర్వాత

ముందే చెప్పేస్తున్నా, ఇది మైలేజీ ఎంతిస్తుంది, సీట్లు మెత్తగా ఉంటాయా లాంటి రివ్యూ కాదు. పాత ప్రీమియర్ పద్మిని కొందామని అడిగేవాళ్ళు నాకు నెలకొకరైనా తగులుతున్నారు, అందరూ ఇంజన్ గురించే అడుగుతారు. ఇంజన్‌దేముందండీ, 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, విజయనగరంలో పాతకాలం మెకానిక్ ఎవరైనా కబుర్లు చెప్పుకుంటూ విప్పి బిగించేస్తాడు. ఈ బండితో అసలు కాపురం చెయ్యాల్సింది స్టీరింగుతోనూ ముందు చక్రాలతోనూ. పదకొండేళ్ళు చేసాను కాబట్టి రాస్తున్నా.

నాది 1986 మోడల్, 2013లో బొబ్బిలిలో ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర కొన్నా. తెలీనివాళ్ళకి ఒక ముక్క, ఇది పాత ఫియట్ 1100 డిలైటే, 1964 నుంచి బొంబాయి కుర్లాలో తయారయ్యేది, తర్వాత పద్మిని అని పేరు మార్చారు. పవర్ స్టీరింగ్ లేదు, ముందు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, నా బండికి గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. స్టీరింగు కింద వార్మ్ (మరలాంటి పళ్ళున్న కడ్డీ) ఉన్న బాక్సు, అందులోంచి ఒక చెయ్యి, దానికి రాడ్లు, రాడ్లకి జాయింట్లు, అవతలివైపు ఐడ్లర్ ఆర్మ్ అని ఇంకో చెయ్యి. అంటే మనం తిప్పింది చక్రం దాకా వెళ్ళేసరికి అరడజను చోట్ల చేతులు మారుతుంది, ఒక్కో చోటా కొంచెం కొంచెం తినేస్తే చివరికి మిగిలేది ఏముంటుంది.

బొబ్బిలి నుంచి తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. రామభద్రపురం దాటేసరికే అర్థమైపోయింది, స్టీరింగు మూడంగుళాలు అటూ ఇటూ ఆడినా బండికి ఆ సంగతే తెలీదు. గజపతినగరం దాటి రోడ్డు బాగుంది కదా అని 55కి తీసుకెళ్తే స్టీరింగు మలేరియా జ్వరం వచ్చినట్టు వణకడం మొదలెట్టింది, 65 దాటితే తగ్గిపోయింది, మళ్ళీ 60కి వస్తే మళ్ళీ వణుకు. పక్కన కూర్చున్న మా మావయ్య ఒక్క మాట మాట్లాడలేదు, ఇంటికొచ్చి దిగాక మాత్రం "మాస్టారు బయానా తిరిగిస్తారేమో అడుగు" అన్నారు.

మొదటి తప్పు అక్కడే చేసాను. ప్లే (స్టీరింగు ఊరికే ఆడే ఖాళీ) ఉందంటే బాక్సు అరిగిపోయిందని నేననుకున్నా, నేను చూపించిన మెకానిక్కూ అదే అనుకున్నాడు. బాక్సు మీద అడ్జస్ట్‌మెంట్ స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి లాక్ నట్టు బిగించి ఇచ్చేసాడు, పది నిమిషాల పని. ప్లే సగం తగ్గింది, నేను సంబరపడిపోయా. మర్నాడు కోట జంక్షన్‌లో ఎడమకి తిప్పి చెయ్యి వదిలితే స్టీరింగు అక్కడే ఉండిపోయింది, మలుపయ్యాక దానంతట అదే వెనక్కి రావాలి కదా, రాలేదు, ఎదురుగా ఆటో, రెండు చేతుల్తో లాక్కుని బయటపడ్డా. ఎందుకలా అంటే బండి ఎక్కువసేపు తిన్నగానే నడుస్తుంది కాబట్టి వార్మ్ మధ్యలోనే ఎక్కువ అరుగుతుంది, రెండు చివర్లా దాదాపు కొత్తదానిలాగే ఉంటుంది, మధ్యలో ప్లే పోయేదాకా బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. కాబట్టి మీకు ఎవరైనా ముందు ఆ స్క్రూ దగ్గరికే స్పానర్ పట్టుకెళ్తే దండం పెట్టి బండి తెచ్చేసుకోండి.

తర్వాత కొత్తపేట వైపు ఒక పెద్దాయన దొరికాడు, బాబాయ్ అని పిలుస్తా, ఒకప్పుడు టాక్సీలకి పని చేసినాయన. స్టీరింగు ఒకసారి తిప్పి చూసి "ఏటి బాబూ, బాక్సు పీక నొక్కీసినాడు ఎవుడో" అన్నాడు. స్క్రూ వదులు చేసాడు, బాక్సు మూత తీసి చూస్తే ఎవరో లోపల గ్రీజు కూరేసారు, అందులో పొయ్యాల్సింది గేర్ ఆయిలు, గ్రీజు అయితే వార్మ్ ఒకసారి తిరగ్గానే గోడలకి అంటుకుని అక్కడే ఉండిపోతుంది, మళ్ళీ పళ్ళ మీదకి రాదు. అదంతా కడిగి ఆయిల్ పోసాడు.

ఇంక ప్లే ఎక్కడుందో పట్టుకునే పద్ధతి, దీనికి ఏ మిషనూ అక్కర్లేదు. బండి నేల మీదే ఉంచి, ఇంజన్ ఆపేసి, మా తమ్ముణ్ణి స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి కొంచెం కొంచెం అటూ ఇటూ ఊపమన్నాడు, తను కింద పడుకుని ఒక్కో జాయింటు మీదా చెయ్యి వేసుకుంటూ పోయాడు. జాయింటుకి ఇవతల కదిలాక అవతల ఆలస్యంగా కదిలితే జబ్బు అక్కడే. "ఇక్కడ సెయ్యెట్టి సూడు" అని నా చెయ్యి లాగి ఐడ్లర్ ఆర్మ్ మీద పెట్టాడు, టక్కు టక్కుమని వేలికి తెలిసింది, కంటికి మాత్రం ఏమీ కనపడలేదు. ఐడ్లర్ బుష్షు, రెండు టై రాడ్ ఎండ్లు (చక్రాలని తిప్పే రాడ్ల చివరి జాయింట్లు) మార్చాక మూడంగుళాల ప్లే అంగుళానికి వచ్చింది. బాక్సు స్క్రూని మళ్ళీ ఇప్పటిదాకా ముట్టుకోలేదు.

వణుకు మాత్రం పోలేదు, దానికి ఇంకో ఏడాది పట్టింది, ఇది కొంచెం పెద్ద కథ. ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించా, పది రోజులు బాగుంది, మళ్ళీ మొదలు. బాబాయ్ జాకీ ఎత్తి చక్రం తిప్పి రిమ్ము అంచుకి దగ్గరగా సుద్దముక్క కదలకుండా పట్టుకుని కూర్చున్నాడు, రిమ్ము వంకర ఉంటే ఒక పక్కే గీత పడుతుంది, ఎడమ చక్రానికి పడింది. స్పేర్ వీల్ తీసి అక్కడ వేసాం. సగం తగ్గింది. మిగతా సగం కింగ్‌పిన్నులు, అంటే ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి ఇరుసులా ఉండే నిలువు పిన్నులు.

ఇది మాత్రం శ్రద్ధగా చదవండి, బండి కొనేముందు మీరే చూసుకోవచ్చు. చక్రం గాల్లోకి ఎత్తి పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. ఆడితే బేరింగ్ అయినా కావాలి, కింగ్‌పిన్ అయినా కావాలి. ఏదో తెలియాలంటే లోపల ఒకర్ని కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట ఆగిపోతే బేరింగ్, దాన్ని బిగిస్తేనో మారిస్తేనో సరిపోతుంది, చిన్న ఖర్చు. తొక్కినా ఇంకా ఆడుతోంటే కింగ్‌పిన్, అక్కడ ధరలో ఇంకాస్త తగ్గించమని అడగండి. పైనా కిందా పట్టుకుంటే ఆడక, పక్కల రెండువైపులా పట్టుకుని ఊపితే మాత్రమే ఆడుతోందా, అప్పుడు టై రాడ్ల వైపు చూడండి.

నా బండికి రెండు వైపులా కింగ్‌పిన్నులే. విచిత్రం ఏంటంటే మాస్టారు ప్రతి సర్వీసుకీ గ్రీజు కొట్టించిన బిల్లులు ఫైలు చేసి మరీ ఇచ్చారు, ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. విప్పి చూస్తే నిపుల్ (గ్రీజు కొట్టే మూతి) లోపల గ్రీజు ఎండి రాయిలా అయిపోయింది, కొట్టిన గ్రీజంతా నిపుల్ పక్కనుంచి బయటికే కారి, తుడిచేస్తే శుభ్రంగా కనపడేది, పిన్ను మాత్రం ఎన్నేళ్ళ నుంచి పొడిగా తిరుగుతోందో. అందుకే నేను గ్రీజు కొట్టేటప్పుడు చక్రం గాల్లో ఉండాల్సిందే, బరువు మీద ఉంటే గ్రీజు ఒకవైపుకి సరిగ్గా వెళ్ళదు, పిన్నుకి పైనా కిందా కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొడతా, రాకపోతే నిపుల్ విప్పి కిరసనాయిల్లో నానబెట్టాలి. 1500 కిలోమీటర్లకి ఒకసారి, వానాకాలంలో ఇంకా ముందే.

కింగ్‌పిన్ కిట్టు విశాఖపట్నంలో దొరికింది, పని మాత్రం సాలూరులో చేయించా. సాలూరంటే లారీల ఊరు కదా, అక్కడి లేత్ వాళ్ళకి కింగ్‌పిన్ అంటే మనకి సైకిల్ పంక్చరు లాంటిది. పైబుష్షూ కిందబుష్షూ ఒకే లైన్లో రీమర్ (బెజ్జాన్ని సరైన సైజుకి గీకే పనిముట్టు) పెట్టి తియ్యాలి, విడివిడిగా తీస్తే పిన్ను దూరుతుంది గానీ తిరగదు, మళ్ళీ స్టీరింగు పట్టేసిన బాధే. "ఫియట్టా, ఇంత సన్నపిన్నా" అని నవ్వాడు ఆ కుర్రాడు, కానీ పని చూస్తే ముచ్చటేసింది. అన్నీ కలిపి అప్పట్లో ఆరువేలయ్యింది. తిరిగొస్తుంటే 60 దగ్గర వణుకు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నా, రాలేదు, అలవాటైపోయి ఏదో పోగొట్టుకున్నట్టనిపించింది.

రెండో పెద్ద తప్పు టైర్లు, ఇది పూర్తిగా నా తెలివే. దీనికి 5.20-14 సైజు నైలాన్ టైర్లు వస్తాయి, ఆ సైజు వెతుక్కోవాలి. ముందు రెండు అరిగిపోతే రేడియల్స్ వేద్దాం, స్టీరింగు బాగుంటుంది కదా అని రెండు కొని ముందు వేసి, వెనక పాత నైలాన్లు ఉంచేసా. స్టీరింగు నిజంగానే బాగుంది, గీత గీసినట్టు వెళ్ళింది. ఒకసారి అరసవల్లి వెళ్తుంటే రణస్థలం దాటాక వాన, హైవే మీద లేన్ మారుదామని కొంచెం తిప్పా, ముందు చక్రాలు చెప్పిన మాట విన్నాయి, వెనకది వినలేదు, తోక పక్కకి జారింది. లారీ ఏదీ లేదు కాబట్టి ఇది రాస్తున్నా. ముందు పట్టు ఎక్కువై వెనక తక్కువైతే అంతే జరుగుతుంది. వేస్తే నాలుగూ రేడియల్స్ వెయ్యండి లేదా నాలుగూ నైలాన్లు వెయ్యండి, డబ్బుల్లేక రెండే కొంటే ఆ రెండూ వెనక్కే. ఇప్పుడు నాలుగూ రేడియల్సే, పార్కింగ్‌లో స్టీరింగు కొంచెం బరువు పెరిగింది, బండి కాస్త కదులుతుండగా తిప్పితే భుజాలు మిగుల్తాయి.

బ్రేకు తొక్కితే ఎడమకి లాగడం 2017లో మొదలైంది. మన రోడ్లు ఎడమ అంచుకి వాలుగా ఉంటాయి కాబట్టి కొంచెం లాగితే అది జబ్బు కాదు, నాది బ్రేకు తొక్కితేనే లాగేది. అందరూ ఎడమ చక్రం విప్పమన్నారు. తప్పు కుడి చక్రంలో ఉంది, అక్కడ వీల్ సిలిండర్‌లో పిస్టన్ తుప్పుకి పట్టేసి బ్రేకే పడట్లేదు, ఎడమది ఒక్కతే పాపం పని చేస్తోంది. ఇంకోసారి బ్రేకు వదిలాక కూడా లాగింది, దిగి డ్రమ్ముల దగ్గర చెయ్యి పెడితే ఒకటి మామూలుగా, ఒకటి పెనంలా కాలుతోంది, అది రబ్బరు హోస్ లోపల ఉబ్బిపోయి ఆయిలు వెళ్తోంది గానీ వెనక్కి రావట్లేదు.

అలైన్‌మెంట్ గురించి క్లుప్తంగా. కంప్యూటర్ సెంటర్‌కి వెళ్తే ఈ మోడల్ లిస్టులో లేదన్నారు, ఇంకో చోట ఏదో చిన్న కారు కొలతలు పెట్టి చేసారు, రెండు నెలల్లో టైర్ల బయటి అంచులు గీరేసినట్టు అరిగాయి, అంటే చక్రాలు ముందువైపు ఎక్కువ దగ్గరకి వచ్చేసాయన్నమాట. బాబాయ్ వెనక చక్రం నుంచి ముందు చక్రానికి దారం కట్టి టేపుతో కొలిచి, ముందుభాగం వెనకకంటే రెండు మూడు మిల్లీమీటర్లు దగ్గరగా పెట్టాడు, ఆ టైర్లు తర్వాత సమానంగా అరిగాయి. స్టీరింగు వంకరగా ఉంటే ఆ స్టీరింగు చక్రాన్నే పీకి ఇంకో పళ్ళ మీద పెట్టేవాళ్ళున్నారు, అలా చెయ్యనివ్వకండి, బాక్సు మధ్య తప్పిపోతుంది, రెండు టై రాడ్లూ సమానంగా తిప్పి సరిచెయ్యాలి.

ఇన్ని తిట్టాక ఒక మంచి మాట. సాలూరు నుంచి సుంకి మీదుగా కోరాపుట్ ఘాట్ రోడ్డు ఎక్కండి దీంతో. సన్నటి పెద్ద స్టీరింగు, టైరు కింద గులకరాయి పడినా అరచేతికి తెలుస్తుంది, మలుపు మధ్యలో బండి ఎంత వాలుతుందో, ఇంకెంత పట్టు మిగిలిందో అన్నీ చెప్తుంది, నా తమ్ముడి కొత్త కారులో అదే రోడ్డు టీవీలో చూస్తున్నట్టుంటుంది. గేరు రాడ్డు బుష్షులు అరిగితే ఒకటికీ రెండుకీ మధ్య ఇరుక్కుంటుంది, గంటస్తంభం దగ్గర సాయంత్రం ఆరింటికి బానెట్ ఎత్తి చేత్తో లింకు విడదీసిన అనుభవం ఉంది, బుష్షులు చవకే, రెండు సెట్లు డిక్కీలో పడేసుకోండి.

ఇప్పటికి మిగిలింది ఒకటే. స్టీరింగు లోపల హారన్ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగుల్తోంది, ఎడమకి ముప్పావు వంతు తిప్పితే దానంతట అదే హారన్ కొడుతుంది. స్టీరింగు విప్పితే అరగంట పని. కానీ మా వీధి మలుపు ఎడమకే, అక్కడ సాయంత్రం గుంటలు క్రికెట్ ఆడుతుంటారు, బండి వంగేలోపే హారన్ విని వికెట్లు తీసేస్తున్నారు, అందుకని వదిలేసా.