ఆర్ఎక్స్ 100 ఆయిల్ పంపు: అందరూ పీకేయమన్నారు, నేను ఉంచాను

నాన్న యమహా ఆర్ఎక్స్ 100 బైకు, 1993 మోడల్, నా చేతికొచ్చి తొమ్మిదేళ్లయింది. పికప్పూ, సౌండూ, సిగ్నల్లో ఆగితే పక్క బండివాడు "అమ్ముతారా అన్నా" అని అడగడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను రాసేదల్లా కుడి పక్కన చిన్న మూత వెనకాల దాక్కుని ఉండే ఆయిల్ పంపు గురించి. ఆటోల్యూబ్ అంటారే, ఇంజన్‌కి కావాల్సిన నూనెని వేరే ట్యాంకు నుంచి తనే పోసేది, అది. మా గుంటూరులో నాకు తెలిసిన ఆర్ఎక్స్‌లలో పంపు ఇంకా పనిచేస్తున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా వాళ్లంతా దాన్ని పీకించేసి పెట్రోల్లో టూటీ ఆయిల్, అంటే టూ-స్ట్రోక్ ఇంజన్ల నూనె, కలుపుకుంటున్నారు.

బండి తెచ్చుకున్న మొదటి నెలలోనే మా మెకానిక్ బాబాయ్ అన్నాడు, "పంపు పీకేద్దాం నాయనా, లీటరుకి ముప్పై ఎమ్మెల్ కలుపుకో, గుండె మీద చెయ్యేసుకుని పడుకో" అని. ఆయన చెయ్యి తిరిగింది రాజ్‌దూత్ 175లు, జావాల మీద, వాటికి కలుపుకోవడం తప్ప వేరే దారి లేదు. యమహా వాళ్లు ఈ పంపుని 1964లోనే వైఏ6 అనే బండికి పెట్టినా మన వీధుల్లోకి రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది, వచ్చాక కూడా మన మెకానిక్‌లకి దాని మీద నమ్మకం కుదరలేదు.

నేను వద్దన్నాను. తెలివితో కాదు, నాన్న అన్నేళ్లు అలాగే నడిపారు కదా అని. దాని విలువ తర్వాత తెలిసింది. కలిపిన పెట్రోలు పోస్తే సిగ్నల్లో ఆగినా, అరవైలో పోయినా లీటరుకి అదే ముప్పై ఎమ్మెల్. పంపు అలా కాదు, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, యాక్సిలరేటర్ ఎంత తిప్పారు, రెండూ చూసుకుని పోస్తుంది. ఐడిలింగ్‌లో పిసినారిలా చుక్క చుక్క, చెయ్యి తిప్పితే ధారాళంగా. అందుకే బ్రాడీపేట ట్రాఫిక్‌లో పావుగంట ఆగి ఆగి వెళ్లినా వెనకున్న వాడు ముక్కు మూసుకోడు, ప్లగ్గు నల్లగా తడిసిపోదు. నాకు ఏడాదికి ఒక ప్లగ్గు, మహా అయితే రెండు. సైలెన్సర్ లోపలి గొట్టం బయటికి లాగి, కాల్చి, కార్బన్ రాల్చే పని రెండేళ్లకోసారి చాలు. అది కూడా ఆ కంపుకి మా ఆవిడ గోల పడలేక డాబా మీద చేస్తాను.

అలా ఆరేళ్లు కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

2022 వేసవిలో బండి ఐడిలింగ్ నిలబడకపోతే ఒక ఆదివారం కార్బురేటర్ విప్పాను. ఫ్లోట్ గిన్నె అడుగున తుప్పు, కాఫీ పొడిలాంటి మురికి. జెట్లు ఊది, అన్నీ కడిగి బిగించాను. పంపు నుంచి కార్బురేటర్ వైపు వచ్చే సన్నటి ఆయిల్ పైపు గట్టిపడి చివర చీలి ఉంది, ఎలాగూ విప్పాను కదా అని కొత్తది వేశాను. కొత్త పైపంటే ఖాళీ పైపు. ఈ ముక్క నాకు ఆ రోజు తట్టలేదు.

పంపు మీద గాలి తీసే స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని విప్పి, బుడగలు ఆగి నూనె ధారగా కారేదాకా చూసి, వాషర్ వేసి బిగించి, చేతులు కడుక్కున్నాను. అయితే ఆ స్క్రూతో పోయేది ఆయిల్ ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న గాలే. పంపు దాటాక పైపులో ఉన్న గాలిని పంపే మెల్లగా నెట్టుకుంటూ పోవాలి. దానికి తోడు యాక్సిలరేటర్ కేబుల్ ఆట సరిచేశాను గానీ, దాంతో పాటు పంపుకి వెళ్లే కేబుల్ పంపు కప్పీ మీదున్న గుర్తు దగ్గర నిలబడిందో లేదో చూడలేదు. అది వదులైపోయి, నేనెంత తిప్పినా పంపు మాత్రం ఐడిలింగ్‌లో ఉన్నట్టే పోస్తోంది. ఆయిల్ ట్యాంకేమో నిండుగా కళ్లెదుట కనబడుతోంది, నాకు టెన్షన్ ఎందుకుంటుంది?

మర్నాడు నరసరావుపేటలో చుట్టాలింట్లో గృహప్రవేశం. బయల్దేరి ఊరు దాటి నల్లపాడు వైపు వెళ్తుంటే ముందు సౌండు మారింది. రోజూ వినే ఆ గలగల కాస్త బిగుసుకుంది, బండిని ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు. ఎదురుగాలేమోనని ఇంకాస్త చెయ్యి తిప్పాను, అదీ నా తెలివి. అంతే, వెనక చక్రం కీచుమని బిగుసుకుపోయింది. క్లచ్ నేను పట్టలేదు, చెయ్యే పట్టేసింది. బండి పక్కకి జారి రోడ్డు వారన మట్టిలో ఆగింది, నా వెనకే వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. కిక్ రాడ్డు మీద నిలబడినా కదల్లేదు. తుమ్మచెట్టు కింద ఇరవై నిమిషాలు కూర్చున్నాక ఇంజన్ చల్లారి కిక్ దిగింది, కానీ లోపల గరగర. స్టార్ట్ చేసే ధైర్యం చాల్లేదు, ట్రాలీ ఆటోలో ఎక్కించి ఇంటికి తెచ్చాను. గృహప్రవేశం భోజనం పోయింది.

హెడ్ తీసి బ్యారెల్ పైకి లాగితే పిస్టన్‌కి సైలెన్సర్ వైపు నిలువునా గీతలు, రింగు గాడిలోనే అతుక్కుపోయింది, బ్యారెల్ గోడకి అల్యూమినియం పూసినట్టుగా అంటింది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా బోరింగ్ చూడని బ్యారెల్ అది. బోరింగ్ అంటే బ్యారెల్ లోపల అరగదీసి వెడల్పు చేసి, ఆ మేరకి పెద్ద పిస్టన్ వేయడం. లేత్ షాపులో 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజుకి గీతలు పోలేదు, 0.50కి వెళ్లాల్సి వచ్చింది. నాన్నకి చెప్పలేదు. బండి మళ్లీ స్టార్ట్ చేసిన రోజు ఆయనే వరండాలోంచి "బోరు చేయించావా?" అన్నారు. ఊఁ అన్నాను. ఇంకేమీ అడగకుండా పేపర్లోకి తల దించుకున్నారు. మెకానిక్ బాబాయ్ మాత్రం "నేను చెప్పానా లేదా" అని నాలుగుసార్లు అన్నాడు, అనే హక్కు ఆయనకుంది మరి.

పంపు ఉంటే నూనె ఊసే ఎత్తక్కర్లేదని ఇన్నాళ్లూ కనబడినవాళ్లకల్లా చెప్పాను. ఆ మాట కొంచెం తగ్గించుకుంటున్నాను. నూనె రాకపోతే చెప్పే దీపం గానీ, చప్పుడు గానీ దానికి లేవు, తెలిసేసరికి పిస్టన్ పోయి ఉంటుంది. యాక్సిలరేటర్ కేబుల్ ముట్టుకున్న ప్రతిసారీ పంపు కప్పీ మీద గుర్తు సరిచూసుకోవాలి. ఆ ఒక్క కేబుల్‌ని రెండుగా చీల్చే ప్లాస్టిక్ ముక్క ట్యాంకు కింద ఉంటుంది, అది విరిగినా కథ అంతే. 1996లోనే తయారీ ఆగిపోయిన బండి కాబట్టి మంచి పంపు దొరకడం కూడా కష్టం, బజార్లో కొత్తవని ఇచ్చే వాటిలో నేను చూసినవి నూనె కారేవే.

ఇప్పుడు పైపు ఊడదీస్తే మాత్రం పద్ధతి మార్చాను. ముందు ట్యాంకులో లీటరు పెట్రోలే ఉంచి ముప్పై ఎమ్మెల్ టూటీ కలుపుతాను, పంపు ఉండగా కూడా. స్టాండు వేసి ఐడిలింగ్‌లో పెట్టి, పంపు కేబుల్ చేత్తో పూర్తిగా లాగి పట్టుకుంటాను. పైపు గుండా చూస్తే శనగగింజంత బుడగ కదలక కదలక కదులుతుంది, దాని వెనక ఆవగింజల్లా నాలుగైదు. మా పాప పక్కన కూర్చుని లెక్కపెడుతుంది. అన్నీ పోయి సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ గుప్పుమన్నాక గానీ కేబుల్ వదలను. పది నిమిషాల పని, ఆ పది నిమిషాలకి బద్ధకించే నాన్న బ్యారెల్ పాడుచేశాను.

మరి పంపు ఉంచుకోవాలా? నాకైతే ఉంచుకోవాలి. నాకు వరండా ఉంది, ఆదివారాలున్నాయి, వారానికి నలభై కిలోమీటర్లు దాటను. మా బావమరిది కూడా ఒక ఆర్ఎక్స్ కొన్నాడు. ఉండేది అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు, రోజూ అరవై కిలోమీటర్లు తిరుగుతాడు, స్క్రూడ్రైవర్ పట్టమంటే ఫోన్ తీస్తాడు. అతని బండికి పంపు పీకించింది నేనే. నెలకోసారి తడిసిన ప్లగ్గు పట్టుకుని మా ఇంటికొస్తాడు, నేను వైరు బ్రష్‌తో రుద్దిస్తుంటే నా బండి కుడి పక్కకి ఓ చూపు చూస్తాడు. ఏమీ అడగడు, నేనూ ఏమీ చెప్పను.