బోడికొండకి ఏ లిఫ్టు మేలు?

రామతీర్థం బోడికొండ మీది కోదండరాముణ్ణి చూడాలంటే మెట్లెక్కాలి. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు కింద గుళ్లోనే దణ్ణం పెట్టుకుని వెనక్కొచ్చేస్తారు. "కాశ్మీర్ గుల్మార్గ్‌లో ఉన్నట్టు ఇక్కడా ఒక రోప్‌వే వేస్తే బాగుణ్ణు" అని మా విజయనగరంలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నాకూ ఆ కోరిక ఉంది. అయితే, ఏ రకం?

మంచు కొండల మీద జారే స్కీయింగ్ వాళ్లు ఎక్కువగా వాడేది చైర్‌లిఫ్ట్. మొదటిది 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో వచ్చింది. ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే కొక్కేల యంత్రాన్ని చూసి, ఒక రైల్వే కంపెనీ ఇంజనీరు గెల బదులు కుర్చీ వేలాడదీశాడు. కింద ఒక పెద్ద చక్రం, పైన ఒకటి, వాటి చుట్టూ ఆగకుండా తిరిగే ఉక్కు తాడు. కుర్చీ ఆ తాడుకే బిగించి ఉంటుంది కాబట్టి, మామూలుగా మనం ఎక్కేటప్పుడు కూడా అది ఆగదు. కాళ్లకి స్కీలున్నవాడు పైకి చేరగానే లేచి మంచు మీద జారిపోతాడు. చీర కట్టుకున్న డెబ్బై ఏళ్ల అమ్మమ్మ ఏం చేస్తుంది? చౌకే అయినా మనకి పనికిరాదు.

గుల్మార్గ్ గొండోలా, అంటే తాడుకి వేలాడే మూసిన క్యాబిన్ల సంగతి వేరు. క్యాబిన్ స్టేషన్‌లోకి రాగానే తాడుని కరిచి పట్టుకునే దాని క్లాంపుకున్న మీట ఒక పట్టా కిందకి దూరుతుంది. స్ప్రింగు అణిగి దవడలు తెరుచుకుంటాయి, తాడు తన వేగంతో తను పోతుంది. వరసగా తిరిగే రబ్బరు టైర్లు క్యాబిన్‌ని నడక కంటే నెమ్మది చేసి, జనం ఎక్కాక మళ్లీ తాడు వేగానికి తెచ్చి అప్పగిస్తాయి. ఎంత చక్కటి పనితనమో! దీనివల్ల తాడు సెకనుకి 5 మీటర్లు పరుగెత్తొచ్చు. బిగింపు కుర్చీలది అందులో సుమారు సగం. కానీ వేగం పెరిగితే ఎక్కువమంది ఎక్కుతారనుకోవద్దు. 6 సెకన్లకో ఇద్దరు కూర్చునే కుర్చీ వస్తే, తాడు ఎలా తిరిగినా గంటకి 1,200 మందే. వేగం వల్ల మిగిలేది ప్రయాణ సమయం. కిలోమీటర్ల దూరానికి అది విలువైనది. బోడికొండకి అంత యంత్రాంగం దండగ.

మూడోది ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ నుంచి ఔలీకి వేసిన రకం. రెండే క్యాబిన్లు, బావి గిలక మీద రెండు బొక్కెనల్లా ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కుతుంది. దిగేదాని బరువు ఎక్కేదానికి సాయం కాబట్టి మోటారు మీద భారం తగ్గుతుంది. పైగా స్టేషన్‌లో పూర్తిగా ఆగుతుంది; చక్రాల కుర్చీ కూడా లోపలికి తోసుకెళ్లొచ్చు. నా ఓటు దీనికే.

ఇరవై మంది పట్టే క్యాబిన్ నాలుగు నిమిషాలకోసారి బయల్దేరినా గంటకి 300 మందే, నవమి రోజు చాలదు అంటారు. నిజమే. కాళ్లున్నవాళ్లు మెట్లెక్కుతారు, లిఫ్టు ఆ మెట్లు ఎక్కలేనివాళ్లకి. తుపాను హెచ్చరిక వస్తే రెండు క్యాబిన్లనీ స్టేషన్లలో కట్టేయొచ్చు. హుద్‌హుద్, తిత్లీ చూసిన మనకి ఇది చిన్న విషయం కాదు. బిగింపు కుర్చీలైతే గాలిలోనే ఊగుతూ ఉండాలి.

ఇంకొకటి. 2022 శ్రీరామనవమి నాడు జార్ఖండ్ త్రికూట్ కొండ మీద ఒకే తాడుకున్న చాలా క్యాబిన్లు మధ్యలో చిక్కుకుపోయాయి, జనాన్ని హెలికాప్టర్లతో దించాల్సొచ్చింది. రెండు క్యాబిన్లే ఉంటే, ఏదైనా జరిగినా దించాల్సినవాళ్లు తక్కువ. కరెంటు పోతే రెండింటినీ స్టేషన్లకి చేర్చడానికి డీజిల్ ఇంజను మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి.