కమీనో నడకలో ఫోన్: రోమింగా, స్పెయిన్ సిమ్మా, ఈ-సిమ్మా, అసలు ఆపేయడమా?

కమీనో అన్న మాట హైదరాబాద్‌లో నలుగురిలో గట్టిగా అనకండి, హిందీలో "కమీనా" అని తిట్టినట్టు వినిపించి తెలిసినవాళ్లు గిర్రున వెనక్కి తిరుగుతారు. స్పానిష్‌లో దానికి దారి అని అర్థం, అంతే. ఉత్తర స్పెయిన్ మీదుగా సాంటియాగో డి కంపొస్తేలా చర్చి దాకా వందల ఏళ్లుగా జనం నడుస్తున్న యాత్ర అది. సరిహద్దు పక్కనే ఫ్రాన్స్‌లో ఉన్న సేంట్ జాన్ నుంచి మొదలుపెడితే దాదాపు 780 కిలోమీటర్లు, నెల రోజులకు పైనే పడుతుంది. మాకంత సెలవు ఎక్కడిది? జర్మనీలో ఉద్యోగం చేసే మా బావా, హైదరాబాద్ నుంచి నేనూ 2025 సెప్టెంబర్‌లో లియోన్ ఊళ్లో కలుసుకుని అక్కణ్నుంచి నడిచాం, సుమారు 310 కిలోమీటర్లు, 14 రోజులు.

వచ్చాక అందరూ కాళ్ల గురించి అడుగుతారనుకున్నాను. కాదు, పదిమందిలో ఏడుగురు అడిగింది ఫోన్ గురించే. "నెట్ ఎలా? ఓటీపీలు వచ్చాయా? అమ్మ ఊరుకుందా?" నేను మొదటి ఐదు రోజులు మన దేశపు రోమింగ్‌తో, మిగతా తొమ్మిది రోజులు స్పెయిన్ సిమ్‌తో నడిచాను. బావ దగ్గర జర్మన్ నంబరు. దారిలో కలిసిన పుణే అమ్మాయి దగ్గర ఈ-సిమ్, అంటే కార్డు లేకుండా నెట్‌లో కొని ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్. ఇంకో స్పానిష్ పెద్దాయనైతే పొద్దంతా ఫోన్ ఆపేసి సంచి అడుగున పడేసేవాడు. అన్నీ కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

రోమింగ్‌తో అన్ని రోజులు నడవాలని నేను అనుకోలేదు. లియోన్‌లో దిగింది ఆదివారం. స్పెయిన్‌లో ఆదివారం ఫోన్ షాపు తెరుస్తారనుకోవడం నా అమాయకత్వం, మామూలు రోజుల్లోనే మధ్యాహ్నం రెండింటికి షట్టర్ దించి మళ్లీ ఐదుకి గానీ ఎత్తరు. సోమవారం తెల్లారకముందే నడక మొదలు. ఆస్తోర్గా చేరే సరికి కూడా మధ్యాహ్నం మూత. సరే, ప్యాక్ ఎలాగూ వేసుకుని వచ్చాను కదా అని పొన్ఫెరాదా దాకా దాంతోనే లాగించాను.

రోమింగ్‌లో మంచి ఏంటంటే విమానం దిగగానే ఫోన్ పలుకుతుంది, ఎవరికీ కొత్త నంబరు చెప్పక్కర్లేదు. ఇంకోటి నేను ఊహించనిది: మన కంపెనీకి అక్కడ ఒకటికి మించి కంపెనీలతో ఒప్పందం ఉంటే, కొండల్లో ఒక నెట్‌వర్క్ పోయినా ఫోన్ ఇంకోదాన్ని పట్టుకుంటుంది. ఫోన్సెబదోన్ కొండ ఊళ్లో ఇద్దరు ముగ్గురు లోకల్ వాళ్ల ఫోన్లు చచ్చిపోయి ఉంటే నాది మాత్రం రెండు గీతలు చూపించింది.

ఇక కష్టాలు. డేటా రోమింగ్‌లో ఉన్నప్పుడు మామూలుగా మనం అడిగిందల్లా ముందు ఇండియాలో మన కంపెనీ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంది, అందుకే ఎదురుగా ఉన్న వీధి మ్యాప్ తెరవడానికి కూడా అంత నాన్చుతుంది. అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది వచ్చే కాల్స్. ప్యాక్‌లో ఉండే నిమిషాలు మనం చేసినా తగ్గుతాయి, మనకు చేసినా తగ్గుతాయి. మనకీ స్పెయిన్‌కీ వేసవి గడియారం ప్రకారం మూడున్నర గంటల తేడా. హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసు తెరిచిన వాళ్లకి మొదట గుర్తొచ్చేది నేనే. అక్కడ ఆరు, ఇరవై మంది పడుకున్న హాల్లో సగం మంది ఇంకా గుర్రు పెడుతున్నారు, నా ఫోన్ మోగింది, ఇంటి నుంచేమో అని కంగారుగా ఎత్తాను. "సర్, పర్సనల్ లోన్ ఏమైనా చూస్తున్నారా?" ఆ నిమిషం డబ్బులు కూడా నావే.

అసలు దెబ్బ అది కాదు, గది పోవడం. అక్కడ సత్రాలుంటాయి, ఆల్బెర్గే అంటారు, మంచం మీద మంచం, ఇంతమందికి ఒక హాలు. ప్రైవేటు సత్రాల్లో ముందురోజు ఫోన్ చేసో వాట్సాప్‌లో మెసేజ్ పెట్టో మంచం చెప్పుకుంటాం. నేను చెప్పుకున్న ఒక చోట మధ్యాహ్నం మూడు దాటినా మేము రాకపోయేసరికి వాళ్లు నాకు ఫోన్ చేద్దామనుకున్నారట, నంబరు ఇండియాది అని చూసి మానేసి మంచాలు వేరేవాళ్లకు ఇచ్చేశారు. వాళ్లను తప్పుపట్టలేను, 91తో మొదలయ్యే నంబరుకు చేస్తే వాళ్లకెంత పడుతుందో. కానీ ఆ సాయంత్రం ఇంకో నాలుగు కిలోమీటర్లు, బొబ్బలతో. బావ ఆ నాలుగు కిలోమీటర్లూ నాతో మాట్లాడలేదు.

కాబట్టి నా మాట ఇది: ఈ నడకలో డేటా కన్నా నంబరు ముఖ్యం. ఎన్ని జీబీలు అని అందరూ లెక్కలేస్తారు గానీ నాకు 14 రోజులకీ కలిపి అయింది 9 జీబీ, అందులో సగం పైన అమ్మతో వీడియో కాల్సే. మ్యాప్ ముందే దించుకుంటే అది తినేది చాలా తక్కువ. సత్రం వాళ్లు జంకు లేకుండా తిరిగి చేయగలిగిన నంబరు మన దగ్గర ఉందా లేదా, అదీ చూసుకోవాల్సింది.

పొన్ఫెరాదాలో స్పెయిన్ సిమ్ తీసుకున్నాను. ప్రీపెయిడ్ సిమ్‌కైనా గుర్తింపు చూపించాలని 2007 నుంచి అక్కడ చట్టం ఉంది, కాబట్టి జిరాక్స్ కాదు, పాస్‌పోర్టే పట్టుకెళ్లాలి. పావుగంట పని. సెట్టింగులు, కంపెనీ మెసేజ్‌లు అన్నీ స్పానిష్‌లో వస్తాయి, కెమెరాతో అనువాదం చేసుకోవడమే. విమానాశ్రయంలో కూడా అమ్ముతారు గానీ ఊళ్లో చవక. దీంతో వేగం బాగా తేడా తెలిసింది, సత్రాలకు ధీమాగా ఫోన్ చేశాను, వచ్చీరాని స్పానిష్‌లో "ఇద్దరం, ఒక రాత్రి" అని. తక్కువేంటంటే ఒక్క కంపెనీ టవర్ల మీదే బతకాలి, ఓ సెబ్రెయిరో అనే కొండ ఊరికి ఎక్కేటప్పుడు దాదాపు గంట సేపు సిగ్నల్ సున్నా.

ఇక్కడ మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది, మా ఆఫీసులో ఒకాయన వేరే దేశంలో చేసి వారం ఏడ్చాడు. కొత్త సిమ్ వేయగానే ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టేయడం. అది రెండో స్లాట్‌లో ఉండాలి, డేటా రోమింగ్ మాత్రం ఆపేసి. రోమింగ్ సర్వీసు బయల్దేరే ముందే ఇండియాలో ఆన్ చేయించుకుంటే ఎస్సెమ్మెస్‌లు ఉచితంగానే వస్తాయి, బ్యాంకు ఓటీపీలు అందులోకే కదా. అలాగే వాట్సాప్ "నంబరు మారుస్తారా?" అని అడిగితే వద్దు అనండి, పాత నంబరుతోనే శుభ్రంగా నడుస్తుంది.

ఈ-సిమ్ సంగతి. పుణే అమ్మాయి ఇంట్లో కూర్చునే కొనేసుకుంది, విమానం దిగేసరికి పని చేస్తోంది, ఆదివారం గొడవ లేదు, పాస్‌పోర్ట్ గొడవ లేదు. నాకు అసూయ పుట్టింది, నిజం. కానీ యాత్రికులకు అమ్మే ఈ-సిమ్‌లు చాలావరకు డేటా మాత్రమే ఇస్తాయి, నంబరు ఉండదు. వాట్సాప్ ఉన్న సత్రాలైతే ఫర్వాలేదు. చిన్న ఊళ్లో ల్యాండ్‌లైన్ ఒక్కటే ఉన్న పెద్దావిడ సత్రమైతే? ఆ అమ్మాయి రెండుసార్లు నా ఫోనే అడిగి తీసుకుంది. పైగా మన దగ్గర తక్కువ ధర ఫోన్లు చాలావాటిలో ఈ-సిమ్ సదుపాయమే లేదు, ముందు అది చూసుకోండి. ఇంకో విషయం, 2024 జనవరిలో ఈ-సిమ్‌లు అమ్మే ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను ప్రభుత్వం చెప్పడంతో ఇండియా యాప్ స్టోర్ల నుంచి తీసేశారు, కాబట్టి ఎవరి దగ్గర కొంటున్నారో బయల్దేరే ముందే తేల్చుకోండి, విమానాశ్రయంలో కూర్చుని కాదు.

బావకి ఇవేవీ పట్టలేదు. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ నుంచి రోమింగ్‌కి అదనంగా తీసుకోవడం ఆపేశారు, కొన్ని పరిమితులతో. జర్మన్ సిమ్‌తో స్పెయిన్‌లో ఇంట్లో ఉన్నట్టే. జర్మనీ, ఫ్రాన్స్, ఐర్లండ్‌లలో ఉండే మన తెలుగువాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి బూట్లు చూసుకోవచ్చు.

వైఫై మీదే బతికేస్తాం అనేవాళ్లకు కూడా ఒక మాట. దాదాపు ప్రతి సత్రంలో, కాఫీ కొట్లో వైఫై ఉంది. కానీ సాయంత్రం ఆరింటికి అందరూ స్నానాలు చేసి ఒకేసారి ఇళ్లకు వీడియో కాల్ కలుపుతారు, గలీసియా ప్రాంతంలో ఇళ్లేమో మూరెడు మందం రాతి గోడలు, మంచం దగ్గరకు సిగ్నల్ రాదు, గుమ్మం దగ్గర చలిలో నిలబడి "వినిపిస్తోందా" అనుకోవాలి. ఒంటరిగా వెళ్లే వాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లు ఎదురుచూసే వాళ్లకు ఇది నేను చెప్పను.

మరి ఏ సిమ్ వేసినా, నడిచేటప్పుడు ఆన్ చేసి ఉంచాలా? నాకూ బావకీ అసలు గొడవ ఇక్కడే. నేను మూడో రోజు నుంచి ఫ్లైట్ మోడ్‌లో పెట్టేశాను. దారి చూపించడానికి ఫోన్ అక్కర్లేదు, ప్రతి మలుపులో పసుపు బాణం ఉంటుంది. 1984లో ఓ సెబ్రెయిరో చర్చి ఫాదర్ ఎలియాస్ వలీన్యా పసుపు రంగు డబ్బా పట్టుకుని మొదలుపెట్టిన పని అది, ఆ ఊళ్లో ఆయన విగ్రహం కూడా ఉంది. గలీసియాలోకి వచ్చాక రాళ్ల మీద ఇంకా ఎన్ని కిలోమీటర్లో మూడు దశాంశ స్థానాలతో సహా చెక్కి ఉంటుంది, ఇంక జీపీఎస్ ఎందుకు? మ్యాప్ చూస్తూ నడిచిన రోజు బాణాలు వదిలేసి రోడ్డు మీదకెక్కి లారీల పక్కన నడిచాను, మ్యాప్‌కి దగ్గరి దారి కావాలి, యాత్ర దారి కాదు.

బావ వాదన వేరు. మేం వెళ్లడానికి ముందు నెల, ఆగస్టులో, అడవి మంటల వల్ల ఆస్తోర్గా, పొన్ఫెరాదా మధ్య దారిని కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. అలాంటప్పుడు స్పెయిన్ ప్రభుత్వం ఈఎస్-అలర్ట్ అని ఆ ప్రాంతంలో టవర్‌కి తగిలి ఉన్న ఫోన్లన్నిటికీ గట్టిగా మోగే హెచ్చరిక పంపుతుంది, ఏ దేశం సిమ్ అయినా, డేటా లేకపోయినా వస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో ఉంటే రాదు. "నీ ప్రశాంతత కోసం మంటల్లోకి నడుస్తావా?" అన్నాడు. అదీ నిజమే. చివరికి నేను దిగివచ్చి డేటా మాత్రం ఆపి సిమ్ ఆన్‌లో ఉంచాను, లోన్ వాళ్ల నంబర్లు బ్లాక్ చేసి. ఏదైనా అయితే 112, మన కంపెనీకి సిగ్నల్ లేకపోయినా వేరే నెట్‌వర్క్ ఉంటే ఆ కాల్ వెళ్తుంది.

అదే ఏడాది ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దాదాపు మొత్తం కరెంటు పోయింది, ఫోన్లూ పడిపోయాయి. కార్డులు పనిచేయని రోజది. కాబట్టి ఏ సిమ్ ఉన్నా జేబులో కొంచెం యూరో నోట్లు, చిల్లర ఉంచుకోండి, ఆ పల్లెల్లో యూపీఐ మాట మర్చిపోండి.

మీకు ఏది మేలు అంటే: చాలామంది సారియా నుంచి చివరి 115 కిలోమీటర్లే నడుస్తారు, ఐదారు రోజులు, యాత్ర చేసినట్టు ఇచ్చే సర్టిఫికెట్‌కి అది చాలు. వాళ్లు సిమ్ కోసం తిరగొద్దు, ఇండియా రోమింగ్ ప్యాక్ వేసుకోండి, గదులు ముందే బుక్ చేసుకోండి. పది రోజులు దాటితే స్పెయిన్ సిమ్, పక్కన ఓటీపీలకు మన సిమ్. ఇద్దరు వెళ్తుంటే ఒకరు లోకల్ సిమ్, ఒకరు ఈ-సిమ్, ఇది అన్నిటికన్నా బాగుంటుంది, ఒకరిది పోతే ఇంకొకరిది. గలీసియాలో ప్రభుత్వ సత్రాలకు బుకింగే ఉండదు, ముందొచ్చినవాళ్లకు మంచం, అక్కడ ఏ నంబరూ పనికిరాదు, పెందలాడే లేచి నడవడమే. ఆ చర్చి ఎవరి పేరిట ఉందో ఆ సెయింట్ జేమ్స్ పండుగ జూలై 25, 2027లో అది ఆదివారం వస్తోంది, అలా వస్తే పుణ్య సంవత్సరం, జనం బాగా పెరుగుతారు, ఆ ఏడు వెళ్లేవాళ్లకు ఫోన్ చేసి మంచం పట్టుకోవడం ఇంకా కష్టం.

సాంటియాగోలో యాత్రికుల ఆఫీసు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి పేరు, బయల్దేరిన ఊరు ఫోన్‌లోనే నింపాలి. నా డేటా ఆ పొద్దునే అయిపోయింది. బావ హాట్‌స్పాట్ ఇచ్చాడు, ఆ నాలుగు కిలోమీటర్ల సంగతి ఇంకోసారి గుర్తుచేసి మరీ.