మూగ్ ప్రాడిజీకి పిచ్ ఇన్‌పుట్: నాలుగేళ్లు వాడాక

మూగ్ కంపెనీ సింథసైజర్ ప్రాడిజీ 1979లో వచ్చింది. స్వరం పుట్టించే రెండు ఆసిలేటర్లు, కీబోర్డుకు 32 మెట్లు, మూగ్ ఫిల్టర్. తర్వాత వచ్చిన వాటికి వెనక కంట్రోల్ వోల్టేజీ జాక్‌లు (బయటి నుంచి వోల్టేజీతో స్వరాన్ని నడిపేందుకు) ఉన్నాయి కానీ, నేను చెన్నైలో కొన్నది తొలి రకం. దానికి లేవు. నాలుగేళ్ల కిందట పెట్టించాను. తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీద గదిలో దాదాపు రోజూ వాడుతున్నాను.

నాకు ఇది కావాల్సింది గమకం కోసం. మా అక్క అన్నమయ్య కీర్తనలు పాడుతుంది, ఐదున్నర శృతి. మెట్ల మీద తోడి వాయిస్తే గాంధారం కొయ్యలా నిలబడిపోతుంది. పిచ్ చక్రం తిప్పితే కొంత ఊగుతుంది కానీ, జారు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చేతికి అందదు. ఇప్పుడు రిబ్బన్ కంట్రోలర్ తగిలించాను. పట్టీ మీద వేలు ఎక్కడుంటే అక్కడి వోల్టేజీ సింథ్‌కి వెళ్తుంది. ఒక వోల్టుకు ఒక స్థాయి (ఆక్టేవ్), అంటే అర్ధస్వరానికి దాదాపు 83 మిల్లీవోల్టులు. వేలు ఎంత కదిలితే స్వరం అంతే కదులుతుంది. మొదటిసారి గాంధారం సరిగ్గా ఊగిన రోజు అక్క పాట ఆపి, మళ్లీ వాయించమంది.

కీబోర్డు వైరు కోయకండి. పిచ్ వోల్టేజీలన్నీ కలిసే చోటికి వేరే రెసిస్టర్ ద్వారా జాక్‌ను కలపాలి. అప్పుడు రెండూ కూడతాయి. మెట్టు నొక్కి షడ్జమం పెట్టుకుని, దాని మీద రిబ్బన్‌తో వాయించవచ్చు. పాడేవాళ్లు మారితే మెట్టు మారుస్తాను, అంతే.

మొదట ఒక టెక్నీషియన్ మామూలు కార్బన్ రెసిస్టర్, ఒక్క చుట్టు ప్రీసెట్ (తిప్పి స్కేలు సరిచేసే చిన్న రెసిస్టర్) వేశారు. ఆ ఏడాది చాలా బాధపడ్డాను. స్కేలు ఒక్క శాతం తప్పితే స్థాయికి 12 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) తేడా, మూడు స్థాయిలు దాటేసరికి 36. శృతి పెట్టెతో కలిపితే చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. 0.1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్, మల్టీటర్న్ ట్రిమ్మర్ (చాలా చుట్లు తిరిగే ప్రీసెట్) చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొని మళ్లీ వేయించాక కుదుటపడింది. వీటి దగ్గర మాత్రం డబ్బు చూసుకోవద్దు.

మిగిలిన శత్రువు మన ఎండే. వోల్టేజీని స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్ల స్వభావం వేడితో మారుతుంది. సరిదిద్దే ఏర్పాటు లేకపోతే డిగ్రీకి సుమారు 0.33 శాతం. ఆ ఏర్పాటు ఉన్నా, ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటిన మధ్యాహ్నం సరిచేసిన శృతి రాత్రికి కాస్త జరుగుతుంది. అందుకే వాయించే వేళకే ట్రిమ్మర్ తిప్పుతాను. కరెంటు పోయి వస్తే సింథ్ వేడెక్కి కుదురుకునేదాకా మళ్లీ అరగంట ఆగాల్సిందే.

ఇక గేటు, అంటే స్వరం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో చెప్పే సంకేతం సంగతి: మూగ్‌కి వోల్టు పంపితే పలకదు, ట్రిగర్ తీగను గ్రౌండ్‌కి కలపాలి. మిడి కన్వర్టర్ (డిజిటల్ స్వర సంకేతాలను వోల్టేజీలుగా మార్చేది) ఇచ్చే 5 వోల్టులను ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ తిరగేస్తుంది. నాలుగేళ్లలో ఒక్కసారీ మొరాయించలేదు. ఆ కన్వర్టర్ 12 బిట్లది, 10 వోల్టులను 4096 భాగాలు చేస్తుంది. ఒక్కో భాగం మూడు సెంట్లకు కాస్త తక్కువ. విడి స్వరాలకు చాలు, జారుకు నేను రిబ్బనే పట్టుకుంటాను.

పాత సింథ్ పాడవుతుందేమోనని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: రంధ్రం వేయకుండా, వెనక చిన్న రేకు బిగించి జాక్‌లు అందులో పెట్టించాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేయొచ్చు. ఫిల్టర్‌కి కూడా అదే రేకులో ఇంకో జాక్‌కు చోటు వదిలాను, ఈ వానాకాలంలో వేయిస్తాను.