బ్రన్‌ఫెల్సియా కొనేముందు మట్టి చూడండి

నర్సరీల్లో 'ఎస్టర్‌డే టుడే టుమారో' అని అమ్మేది బ్రన్‌ఫెల్సియా పౌసిఫ్లోరా. బ్రెజిల్ అట్లాంటిక్ అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే పొద. మన వంకాయ, మిరపల కుటుంబమే. పువ్వు ముదురు ఊదాలో విచ్చుకుంటుంది. అందులోని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం విరిగిపోయే కొద్దీ మర్నాడు లేత ఊదా, ఆ మర్నాడు తెలుపు. గొంతు చుట్టూ సన్నటి తెల్లటి వలయం. ఒకే కొమ్మకు మూడు రంగులు! ఈ ఒక్కదానికే కొనొచ్చు. సువాసన కోసమైతే వద్దు, దీనికి వాసన చాలా తక్కువ.

చిక్కంతా మట్టిది. ఆకులు కుళ్లిన పుల్లటి (ఆమ్ల గుణమున్న) అడవి నేలకు అలవాటుపడిన వేర్లివి. కవర్లో బంకమట్టి ముద్ద ఉంటే నీరు లోపల నిలిచి వేర్లు కుళ్లుతాయి. అందుకే కవరు నొక్కి చూడండి, రాయిలా గట్టిగా ఉంటే వదిలేయండి. ఇప్పటికే తెచ్చేసి ఉంటే అరగంట నీళ్లలో నానబెట్టి, పైపొర మట్టిని మాత్రం వేళ్లతో రాల్చండి. వేర్లు పూర్తిగా కడిగితే మొక్క కోలుకోవడం కష్టం. 12 అంగుళాల కుండీ చాలు. రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు ఆకుల ఎరువు, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు ముతక ఇసుక. ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ.

బోరునీళ్లు పోసేవాళ్లకు కొన్నాళ్లకు లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. నీటిలోని సున్నం వల్ల ఇనుము వేర్లకు అందకపోవడమే కారణం. చాలామంది ఎరువు చాల్లేదనుకుని యూరియా వేస్తారు, దానివల్ల ఉపయోగం లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఇచ్చే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకులపై పిచికారీ చేయండి. ముందు ఒక కొమ్మ మీద కొట్టి, రెండ్రోజులు ఆగి చూసి, ఆకు మాడకపోతేనే మిగతాదానికి. వారం పది రోజులకు మళ్లీ ఒకసారి. పాత ఆకు పచ్చబడకపోవచ్చు, కొత్త చిగురును చూడండి. వీలైతే వాననీళ్లు పట్టి పోయండి.

కత్తిరింపు పూత అయిపోగానే, మూడో వంతుకు మించకుండా. చలికాలంలో కత్తెర పెడితే మొగ్గలు పోతాయి. పిండినల్లికి లీటరుకు 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు.

ఇంట్లో కుక్క ఉంటే మాత్రం ఈ మొక్క వద్దు. మొక్కంతా విషమే. కాయలు, గింజలు తింటే వాంతులు, వణుకు, ఫిట్స్ వస్తాయి. పసిపిల్లలున్న ఇళ్లలోనూ వాడిపోయిన పూలను కాయ కట్టకముందే తుంచేయాలి.