అప్‌డేటెడ్ ఎట్: ప్రీఅప్‌డేట్‌లోనా, ట్రిగ్గర్‌లోనా?

కొత్త టేబుల్ వచ్చిన ప్రతిసారీ మా టీమ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: "అప్‌డేటెడ్ ఎట్ కాలమ్ (వరుస చివరిసారి మారిన సమయం) ఎక్కడ నింపుదాం? సర్వీస్‌లోనా, ఎంటిటీ కాల్‌బ్యాక్‌లోనా, డేటాబేస్ ట్రిగ్గర్‌లోనా?"

సర్వీస్ సంగతి పక్కన పెట్టేయండి. పది మెథడ్లు రాస్తే ఒక దాంట్లో మర్చిపోతాం.

కాల్‌బ్యాక్ అంటే ఎంటిటీ (టేబుల్ వరుసకు జావాలో ప్రతిరూపమైన ఆబ్జెక్ట్) సేవ్ అయ్యే ముందో తర్వాతో దానంతటదే నడిచే మెథడ్. అది నాకు ఇష్టమే. 2006లో జేపీఏ (జావా ఆబ్జెక్టులను డేటాబేస్‌లో దాచే ప్రమాణం) వచ్చినప్పటి నుంచీ ఉన్న సౌకర్యం. ప్రీపర్సిస్ట్ (కొత్త వరుస చేరే ముందు నడిచేది), ప్రీఅప్‌డేట్ (ఉన్న వరుస మారే ముందు నడిచేది) మెథడ్లను ఒక బేస్ క్లాసులో రాసుకుంటే అన్ని ఎంటిటీలకూ సరిపోతుంది, కోడ్ చదివేవాళ్లకు ఎదురుగా కనిపిస్తుంది. అయినా తేల్చుకునే ముందు నేను చూసేది ఒక్కటే: ఆ టేబుల్‌ని ఎన్ని దారుల్లో మారుస్తున్నారు?

ఎందుకంటే జేపీఏలో ఎంటిటీలను చూసుకునే ఎంటిటీ మేనేజర్ చేతిలో ఉన్న ఆబ్జెక్ట్ మారితేనే కాల్‌బ్యాక్ నడుస్తుంది. నిరుడు ఒక కేటగిరీ మొత్తానికి ధర 5 శాతం తగ్గించడానికి ఒకే ఒక్క జేపీక్యూఎల్ (జేపీఏ క్వెరీ భాష) బల్క్ అప్‌డేట్ రాశాం. అది ఎంటిటీలను ముట్టుకోకుండా నేరుగా ఎస్‌క్యూఎల్‌గా వెళ్లిపోతుంది. ధరలు మారాయి, అప్‌డేటెడ్ ఎట్ పాతదే ఉండిపోయింది. సెర్చ్‌కి మార్పులు చేరవేస్తూ రాత్రి నడిచే సింక్ జాబ్ ఆ కాలమ్ చూసే మారిన వరుసలు ఏరుకుంటుంది, దానికి ఒక్కటీ దొరకలేదు. సెర్చ్‌లో ఒక ధర, కార్ట్‌లో ఇంకో ధర. లాగ్‌లో ఎర్రర్ అంటూ ఏమీ లేదు కాబట్టి కారణం పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది.

వరుస మీద బిఫోర్ అప్‌డేట్ ట్రిగ్గర్ (వరుస మారే ముందు డేటాబేసే నడిపే కోడ్) ఉండుంటే ఇది జరిగేదే కాదు. బల్క్ క్వెరీ అయినా, ఎవరైనా కన్సోల్‌లో చేత్తో కొట్టిన అప్‌డేట్ అయినా, పక్క సర్వీస్ రాసినా దానికి ఒకటే. కాకపోతే మెమరీలో ఉన్న ఎంటిటీకి కొత్త విలువ తెలియదు. ఆ కాలమ్‌ని డేటాబేసే నింపుతుందని జెనరేటెడ్ అనొటేషన్‌తో హైబర్నేట్‌కి (జేపీఏని అమలు చేసే లైబ్రరీ) చెప్పాలి, లేదా ఎంటిటీని డేటాబేస్ నుంచి మళ్లీ చదివి రిఫ్రెష్ చేయాలి. ఇంకో మాట: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నౌ ఫంక్షన్ ఇచ్చేది ట్రాన్సాక్షన్ మొదలైన సమయం. పొడుగాటి ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యేసరికి (మార్పులు ఖాయమయ్యేసరికి) సింక్ జాబ్ ఆ సమయాన్ని దాటిపోయి ఉండొచ్చు. అందుకే జాబ్ కొంచెం వెనక్కి జరిగి చదవాలి.

"ఎవరు మార్చారు" అన్న దగ్గర మాత్రం ట్రిగ్గర్ కంటే కాల్‌బ్యాకే మేలు. అందరూ పంచుకునే కనెక్షన్ పూల్ వెనక డేటాబేస్‌కి కనిపించేది ఒకే యూజర్. లాగిన్ అయిన మనిషి పేరు స్ప్రింగ్ డేటా ఆడిటింగ్ లిజనర్‌కి తెలుస్తుంది.

కొత్త వరుస చేరాక నడిచే పోస్ట్‌పర్సిస్ట్ కాల్‌బ్యాక్‌లో మెయిల్ పంపుదామని కూడా అడుగుతుంటారు. వద్దు. అప్పటికి ఇన్సర్ట్ అయి ఉంటుందే గానీ కమిట్ అయి ఉండదు. రోల్‌బ్యాక్ అయితే (మార్పులు రద్దయితే) లేని ఆర్డర్‌కి మెయిల్ వెళ్తుంది. దానికి కమిట్ తర్వాత పలికే స్ప్రింగ్ ట్రాన్సాక్షనల్ ఈవెంట్ లిజనర్ ఉంది.

మా ధరల టేబుల్‌లో ఇప్పుడు సమయం ట్రిగ్గర్ రాస్తుంది, పేరు కాల్‌బ్యాక్ రాస్తుంది. బల్క్ క్వెరీకి కాల్‌బ్యాక్ నడవదు కాబట్టి అది కనిపిస్తే, దాని సెట్ భాగంలో పేరు కాలమ్ ఉందా అని రివ్యూలో అడుగుతున్నాం.